కార్డియాక్ అరెస్ట్ తర్వాత మెదడులో ఇన్‌ఫ్లమేషన్‌కి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్: కొనాలా వద్దా?

తెనాలి_కుర్రాడు
మా చిన్నాన్నకి 58 ఏళ్ళు. పోయిన వారం షాపులో కూర్చునే ఒరిగిపోయాడు, కార్డియాక్ అరెస్ట్. పక్క షాపు కుర్రాడికి ఎక్కడ నేర్చుకున్నాడో గానీ వచ్చు, 108 వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. హాస్పిటల్‌లో షాక్ ఇచ్చాక గుండె మళ్ళీ కొట్టుకుంది, స్టెంట్ కూడా వేశారు. గుండె వరకూ ఇబ్బంది లేదంటున్నారు. మనిషి మాత్రం కళ్ళు తెరవడం లేదు, వెంటిలేటర్ మీదే ఉన్నాడు.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు రాత్రీ పగలూ మెసేజ్‌లు పెడుతున్నాడు. మెదడులో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, దానివల్లే లేవడం లేదట, టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ డెన్మార్క్‌లో ఇచ్చి చూశారట, అదే ఇప్పించమంటాడు. డాక్టర్‌ని అడిగితే "దానివల్ల ఉపయోగం లేదండీ" అని ఒక్క ముక్క అనేసి వెళ్ళిపోయాడు. పిన్నేమో "డబ్బు కోసం ఆలోచిస్తున్నావా నాన్నా" అంటోంది. ఆ మాట పడ్డాక నిద్ర పట్టడం లేదు. ఏజెన్సీ అతను ఒకడు హైదరాబాద్ నుంచి వయల్ తెప్పిస్తానంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి, కొనాలా వద్దా?

మందులషాపు_రమణ
ముందు బిల్లు ఇస్తాడో లేదో అడగండి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌కి ఇదే ఇంజెక్షన్ కోసం జనం ఊళ్ళు పట్టుకు తిరిగారు. 400 ఎంజీ వయల్ ఎమ్మార్పీయే నలభై వేల పైన, బ్లాక్‌లో ఎంతకి అమ్మారో చెప్పక్కర్లేదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మన హైదరాబాద్ హెటిరో వాళ్ళ మందుకి కూడా అనుమతి వచ్చింది, ఇప్పుడు అంత కరువేం లేదు. కానీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సిన మందు అది. ఎవడో బైక్ డిక్కీలో పెట్టుకుని తెస్తే లోపల ఉన్నది మందో నీళ్ళో.

పిల్లిమొగ్గ
ప్రతి ఇంటికీ ఒక డల్లాస్ బ్రాంచి ఉంటుంది. మాది న్యూజెర్సీ. నాకు జలుబు చేసినా అక్కణ్ణుంచే ప్రిస్క్రిప్షన్.

రాత్రిడ్యూటీ
ఐసీయూలో పనిచేస్తాను. మీ డాక్టర్ చెప్పిన విషయం సరైనదే, ఒక్క ముక్కలో చెప్పి వెళ్ళిపోవడమే బాగాలేదు.

గుండె ఆగినప్పుడు మెదడుకి రక్తం అందక ఒక దెబ్బ తగులుతుంది. గుండె తిరిగి కొట్టుకోవడం మొదలయ్యాక ఇంకో దెబ్బ. రక్తం ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు కణాల్లోకి కాల్షియం చొరబడుతుంది, ఫ్రీ రాడికల్స్ పుడతాయి, చచ్చిన కణాల ముక్కల్ని చూసి మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షణ కణాలు రెచ్చిపోతాయి. ఇన్‌ఫ్లమేషన్‌ని రెచ్చగొట్టే ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు పెరుగుతాయి (టోసిలిజుమాబ్ అడ్డుకునేది ఈ ఐఎల్-6 పనినే), రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ కారడం మొదలవుతుంది. ఇదంతా గంటల నుంచి రోజుల దాకా నడుస్తుంది. కాబట్టి మీ అన్నయ్య చెప్పేది గాలి కబురేం కాదు.

కానీ డెన్మార్క్ ట్రయల్ మొత్తం చదివితే కథ వేరు. కోపెన్‌హాగన్‌లో 80 మందితో చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రి బయట గుండె ఆగి, తిరిగి కొట్టుకుని, స్పృహ రానివాళ్ళకి కిలోకి 8 ఎంజీ చొప్పున ఒక్క డోసు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ దాదాపు అడుగంటింది. గుండె కండరం దెబ్బని చూపించే ట్రోపోనిన్ కూడా తగ్గింది. మెదడు కణాలు చస్తే పెరిగే ఎన్ఎస్ఈలో మాత్రం తేడా లేదు, బతికినవాళ్ళ సంఖ్యలోనూ లేదు. పైగా అది మొదటి కొద్ది గంటల్లోనే ఇచ్చారు, మీరు అడుగుతున్నది వారం తర్వాత. ఇంకోటి, 70 కిలోల మనిషికి 560 ఎంజీ పడుతుంది, ఆ ఏజెన్సీ అతను చెప్పిన ఒక్క వయల్ సరిపోనే సరిపోదు.

మందులషాపు_రమణ
అంటే పెళ్ళయ్యాక ముహూర్తం అడిగినట్టు.

వరంగల్_వేణు
80 మందితోని ఏం తేలుతది సార్? పనిచేయదని తేలలేదు కదా, పనిచేస్తదని తేలలేదు, అంతే. మనిషి లేవకుండా పడి ఉన్నప్పుడు ఇచ్చి చూస్తే పోయేదేముంది?

రాత్రిడ్యూటీ
@వరంగల్_వేణు మీ మొదటి మాట ఒప్పుకుంటాను. ప్రాణాలు నిలుస్తాయో లేదో తేల్చడానికి పెట్టిన ట్రయల్ కాదది, అంత చిన్నదానితో అది తేలదు. రెండో మాట దగ్గరే పేచీ. పోయేది చాలా ఉంది. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి మెదడు వాపు తగ్గుతుందని ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ ఇచ్చేవాళ్ళు, "పోయేదేముంది" అనే. చివరికి క్రాష్ అనే ట్రయల్‌లో పది వేల మందిని చేర్చి చూస్తే రెండు వారాల్లో చనిపోయినవాళ్ళు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో 21.1 శాతం, తీసుకోనివాళ్ళలో 17.9 శాతం. 2004లో ఫలితాలు వచ్చాయి. అప్పటిదాకా మంచి చేస్తున్నామనే అందరూ అనుకున్నారు.

ఖమ్మం_జ్యోతి
మా అమ్మకి ఇలాగే అయినప్పుడు స్టెరాయిడ్ ఇచ్చారు. షుగర్ ఎక్కడికో పోయింది, ఇన్సులిన్ డ్రిప్ పెట్టారు, తర్వాత న్యుమోనియా. అమ్మ దక్కలేదు. స్టెరాయిడ్ వల్లే పోయిందని అనను, ఎందువల్ల పోయిందో ఎవరూ చెప్పలేరు. కానీ "ఏదో ఒకటి చెయ్యండి" అని డాక్టర్ల వెంటపడింది నేనే. వేణు గారి మాట నాకు అర్థమవుతుంది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే వెంటపడతానేమో కూడా.

కోపెన్‌హాగన్_కవిత
డెన్మార్క్ పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా, నర్సుని, ఇక్కడే ఉద్యోగం. ఇక్కడ కూడా టోసిలిజుమాబ్ కార్డియాక్ అరెస్ట్‌కి మామూలు వైద్యంలో భాగం కాదు, ట్రయల్‌లో ఇచ్చారు, అంతవరకే. తర్వాత వాళ్ళు స్టెరాయిడ్ వైపు వెళ్ళారు. గుండె తిరిగి కొట్టుకున్న వెంటనే అంబులెన్స్‌లోనే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 250 ఎంజీ, 137 మందితో, ఫలితాలు 2023లో. ఐఎల్-6 తగ్గింది, ఎన్ఎస్ఈ తగ్గలేదు. అదే కథ మళ్ళీ. అందుకే ఇంకా పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. తేలేదాకా "డెన్మార్క్‌లో ఇస్తున్నారు" అనడం సరి కాదు.

డల్లాస్_అన్న
ఆ డల్లాస్ బ్రాంచి నేనే. తమ్ముడు లింక్ పంపాడు, థ్రెడ్ మొత్తం చదివాను. నవ్వుకోండి, ఏం పర్లేదు. వీసా స్టాంపింగ్ పెండింగ్‌లో ఉంది, వస్తే తిరిగి రాలేను. బాబాయ్ నన్ను చదివించాడు. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగింది చదవడమే, అదే చేస్తున్నా.

డాక్టర్ గారూ, రెండు ప్రశ్నలు. ఇన్‌ఫ్లమేషన్ రోజుల తరబడి ఉంటుందని మీరే రాశారు, మరి వారం తర్వాత మందుకి పని లేదని ఎలా అంటారు? ట్రోపోనిన్ తగ్గింది అంటే మందు ఏదో మంచి చేసినట్టే కదా?

పిల్లిమొగ్గ
అయ్యో అన్నా, నా న్యూజెర్సీ జోకు వెనక్కి తీసుకుంటున్నా. జలుబు జోకు మాత్రం నిజం.

రాత్రిడ్యూటీ
@డల్లాస్_అన్న మంచి ప్రశ్నలు. మెదడు కణాలు అన్నీ ఆ క్షణంలోనే చావవు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కొన్ని రెండు మూడు రోజుల తర్వాత చస్తాయి, 1982లోనే జంతువుల్లో చూపించారు. అందుకే మందుకి వ్యవధి ఉందనే ఆశ అందరికీ పుట్టింది. కానీ వారం గడిచాక మైక్రోగ్లియా పని కూడా మారుతుంది, చెత్త ఎత్తిపోయడం, బాగుచేయడం. అప్పుడు వాటిని నొక్కేస్తే మేలా కీడా ఎవరూ చూపించలేదు. ఇక టోసిలిజుమాబ్ పెద్ద యాంటీబాడీ, మామూలుగా మెదడులోకి సరిగ్గా దూరదు. గుండెకి కొంత మేలు కనిపించి మెదడుకి కనిపించకపోవడానికి అదో కారణం కావచ్చు. మీ బాబాయ్ గుండె సంగతి ఇప్పుడు సమస్య కాదు కదా.

అసలు ఇబ్బంది చెబుతా. ఐఎల్-6ని ఆపేస్తే సీఆర్‌పీ పెరగదు, జ్వరం కూడా సరిగ్గా రాదు. వెంటిలేటర్ మీదున్న మనిషికి న్యుమోనియా వస్తే మేం ముందుగా పసిగట్టేది చాలావరకు ఆ రెంటితోనే. కొన్ని వారాలపాటు ఆ రెండు గుర్తుల్నీ మీరే డబ్బు పెట్టి చెరిపేసినట్టు అవుతుంది.

వరంగల్_వేణు
ఇది నాకు తెల్వదు. సరే, ఈ పాయింట్ గట్టిదే. కానీ డాక్టర్లు ఇట్ల కూర్చోబెట్టి చెప్తే ఎవరు అడుగుతరు సార్ డల్లాస్‌ని.

అమలాపురం_మాస్టారు
ఒక సందేహం. మా బంధువు ఒకరికి చాలా ఏళ్ళ కిందట ఇలా అయితే ఒళ్ళంతా ఐసు ప్యాకులు పెట్టి చల్లబరిచారు. మెదడుకి మంచిదని చెప్పారు. ఇప్పుడు దాని మాటే ఎవరూ ఎత్తడం లేదు. అదేమైంది?

కోపెన్‌హాగన్_కవిత
మాస్టారూ, 2002లో రెండు ట్రయల్స్ వచ్చాయి, ఒకటి యూరప్‌లో, ఒకటి ఆస్ట్రేలియాలో, 33 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే మేలని. ప్రపంచమంతా చల్లబరిచింది. 2013లో 33నీ 36నీ పోల్చారు, తేడా లేదు. 2021లో 1900 మందితో 33 ఒకవైపు, మామూలు ఉష్ణోగ్రత ఉంచి జ్వరం మాత్రం రానివ్వకుండా ఇంకోవైపు. ఆరు నెలలకి చనిపోయినవాళ్ళు చల్లబరిచినవైపు 50 శాతం, రెండోవైపు 48 శాతం. అంటే చల్లబరచడం వల్ల అదనంగా వచ్చిందేమీ లేదు. ఇప్పుడు జ్వరం 37.5 సెల్సియస్ దాటకుండా చూడటమే ముఖ్యం అంటున్నారు, మీ లెక్కలో 99.5 ఫారన్‌హీట్.

డల్లాస్_అన్న
2019 ఫ్రాన్స్ ట్రయల్‌ని వదిలేశారు మేడమ్. షాక్ ఇవ్వడానికి వీల్లేని రకం గుండె లయ ఉన్నవాళ్ళలో 33 దగ్గర మంచి స్థితిలో బయటపడినవాళ్ళు 10.2 శాతం, 37 దగ్గర 5.7.

కోపెన్‌హాగన్_కవిత
నిజమే, కొందరు డాక్టర్లు ఇప్పటికీ దాన్ని పట్టుకునే చల్లబరుస్తారు. మీ బాబాయ్‌కి షాక్‌తో కొట్టుకుంది కాబట్టి ఆ గుంపులోకి రారు. ఇంత చదివినవాళ్ళు ఇక్కడ మా వార్డుకి వచ్చి ఉద్యోగం చేయండి, మాకు మనుషులు తక్కువ.

సరళ_కాకినాడ
మా ఆయన బతికి బట్టకట్టారు. చాలా ఆలస్యంగా కళ్ళు తెరిచారు, అందరూ ఆశ వదిలేసుకున్నాక. ఇప్పుడు దుకాణం లెక్కలు చూసుకుంటారు కానీ పొద్దున టిఫిన్ తిన్నానా అని మధ్యాహ్నం అడుగుతారు. కాఫీ పెట్టి ఇస్తే తాగేసి, గ్లాసు చేతిలో ఉండగానే "కాఫీ ఇవ్వలేదే" అంటారు. మొదట్లో ఏడ్చేదాన్ని, ఇప్పుడు రెండోసారి అరగ్లాసు పోస్తాను.

అప్పటి బిల్లులో మెదడు మందులని సిటికోలిన్, సెరిబ్రోలైసిన్, పిరాసిటమ్, ఎడరవోన్ అన్నీ ఉన్నాయి. లేచారు కాబట్టి ఏదో పనిచేసిందనే మా అత్తగారి నమ్మకం. తిరుపతి మొక్కు కూడా ఉంది, అందులో దేనికెంత వాటా ఇవ్వాలో నాకు తెలియదు.

మందులషాపు_రమణ
మొక్కుకి వాటా ఎక్కువ ఇవ్వండమ్మా, ఖర్చు తక్కువ. సిటికోలిన్‌ని తలకి దెబ్బ తగిలిన 1213 మందిలో చూశారు, 2012లో ఫలితం, డమ్మీ మందుకీ దానికీ తేడా లేదు. పక్షవాతంలో కూడా అదే ఏడాది అదే జవాబు. మా షాపులో మాత్రం రోజూ పోతూనే ఉంటుంది. రాసేవాళ్ళు రాస్తారు, మేం అమ్ముతాం, నేనేం నీతిమంతుణ్ణి కాదు.

పిల్లిమొగ్గ
హైడ్రోజన్ సంగతి ఎవరూ ఎత్తలేదే? మా ఆఫీసులో ఒకాయన హైడ్రోజన్ నీళ్ళ బాటిల్ అమ్ముతున్నాడు, జపాన్‌లో గుండె ఆగినవాళ్ళని లేపిందని.

రాత్రిడ్యూటీ
నీళ్ళు కాదు నాయనా, గ్యాస్. వెంటిలేటర్ ద్వారా 2 శాతం హైడ్రోజన్ 18 గంటలపాటు. 73 మందే, కోవిడ్ వల్ల మధ్యలో ఆపేశారు. 90 రోజులకి బతికినవాళ్ళు హైడ్రోజన్ ఇచ్చినవాళ్ళలో 85 శాతం, ఇవ్వనివాళ్ళలో 61 శాతం, వినడానికి అద్భుతం. కానీ ముందుగా పెట్టుకున్న అసలు కొలత, అంటే మెదడు బాగా పనిచేసే స్థితి, అందులో తేడా లెక్కకి నిలబడలేదు. పెద్ద ట్రయల్ కావాలి. ఆ బాటిల్‌తో మొక్కలకి పోసుకోమనండి.

అమలాపురం_మాస్టారు
అయితే ఇన్నేళ్ళుగా ఒక్క మందూ గెలవలేదా?

రాత్రిడ్యూటీ
మెదడుని కాపాడతాయని వచ్చినవి వరసగా ఓడిపోయాయి మాస్టారూ. థయోపెంటల్ 1986లో, లిడోఫ్లజీన్ 1991లో. జెనాన్ గ్యాస్ ఫిన్లాండ్‌లో 110 మందికి ఇస్తే ఎంఆర్ఐలో మెదడులోని తెల్ల పదార్థానికి దెబ్బ తక్కువగా కనిపించింది, ప్రాణాల లెక్కలో నమ్మదగ్గ తేడా రాలేదు, అది 2016. మొటిమలకి ఇచ్చే మినోసైక్లిన్ ఎలుకల మైక్రోగ్లియాని శాంతపరుస్తుంది. ఎలుకకి వయసు తక్కువ, షుగర్ ఉండదు, బీపీ ఉండదు, గుండె ఎప్పుడు ఆగిందో నిమిషంతో సహా తెలుసు, మందు సిద్ధంగా పక్కనే ఉంటుంది. మనవాళ్ళకి అందులో ఒక్కటైనా ఉందా చెప్పండి.

@తెనాలి_కుర్రాడు మందు సంగతి వదిలేసి, ఇప్పుడు చేస్తున్నవి అడగండి. జ్వరం ఎంతుంది, కొలిచేది చంకలోనా లోపలి ప్రోబ్‌తోనా. బీపీ పడిపోకుండా చూస్తున్నారా. ఈఈజీ, అంటే మెదడు తరంగాల పరీక్ష, తీశారా, బయటికి కనిపించని ఫిట్స్ ఉంటే అదే మెదడుని నలగ్గొడుతుంది. మత్తు మందు ఎప్పుడు ఆపారు. మత్తు పూర్తిగా దిగకుండా, కనీసం 72 గంటలు గడవకుండా "ఇక లేవడు" అనే మాట ఎవరూ అనకూడదు. ఆ తర్వాత కూడా ఒక్క పరీక్షతో కాదు. కంటిపాపలు, ఈఈజీ, ఎంఆర్ఐ, ఎన్ఎస్ఈ, అన్నీ కలిపి చూడాలి.

తెనాలి_కుర్రాడు
ఇవాళ సాయంత్రం డాక్టర్‌ని ఆపి ఇవన్నీ అడిగాను. మొదట విసుక్కున్నాడు, ప్రోబ్ గురించి అడిగేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మత్తు మొన్ననే పూర్తిగా ఆపారట, కిడ్నీ కొంచెం దెబ్బతిన్నది కాబట్టి దిగడానికి టైం పడుతుందట. కంటిపాపలు లైటుకి చిన్నవి అవుతున్నాయి. ట్యూబులోంచి కఫం లాగేటప్పుడు దగ్గుతున్నాడు, నేనూ చూశాను, భుజాలు పైకి లేచాయి. ఎన్ఎస్ఈ 71 వచ్చిందట, అది విని కాళ్ళు చచ్చుబడ్డాయి, నెట్‌లో చూస్తే 60 దాటితే కష్టం అని ఉంది. ఇంకోటి, మధ్యమధ్యలో చేతులు ఉలిక్కిపడ్డట్టు కొట్టుకుంటున్నాయి.

రాత్రిడ్యూటీ
60 అనేది 48 లేదా 72 గంటల దగ్గర తీసిన శాంపిల్‌కి. ఎప్పుడు తీశారో అడగండి. రక్తం తీసేటప్పుడు ఎర్ర కణాలు పగిలితే ఎన్ఎస్ఈ ఉత్తినే పెరుగుతుంది, శాంపిల్ హీమోలైజ్ అయిందా అని ల్యాబ్‌ని అడిగి, మళ్ళీ పంపించమనండి. పాపలు కదలడం, దగ్గు మంచి గుర్తులే, కానీ వాటితో మాట ఇవ్వలేం. ఉలికిపాట్లు రెండు రకాలు. కొన్ని నిజంగా చెడ్డ సూచన. కొన్ని, ముఖ్యంగా స్పృహ వస్తున్న దశలో కనిపించేవి, లాన్స్ ఆడమ్స్ అంటారు, 1963 నుంచి తెలిసినదే, క్లోనజిపామ్, లెవెటిరాసెటమ్ లాంటివి ఇస్తూ కాపాడుకోవచ్చు. ఏదో తేల్చేది ఈఈజీ, అది పెట్టినప్పుడే చేతులు కొట్టుకుంటే ఇంకా మంచిది.

ఖమ్మం_జ్యోతి
పిన్నిగారితో మీరు కాదు, డాక్టర్‌తోనే చెప్పించండి. కొనొద్దని మీరు చెబితే జన్మంతా మీ మీదే ఉంటుంది. నాకు తెలుసు.

డల్లాస్_అన్న
జ్యోతి గారు చెప్పింది నిజం. పిన్నితో నేనూ మాట్లాడతా, కొనమని మొదలుపెట్టింది నేను కాబట్టి. తమ్ముడూ, ఏజెన్సీ వాడికి అడ్వాన్స్ ఏమైనా ఇచ్చావా?

తెనాలి_కుర్రాడు
పిన్ని ఇచ్చేసింది అన్నా, నాకు చెప్పకుండా. పది వేలు.

మందులషాపు_రమణ
వయల్ ఇంకా బయల్దేరలేదు కదా. హాస్పిటల్ రాసిచ్చిన ఇండెంట్ (ఆర్డర్) లేదు, బిల్లు లేదు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి చెబుతాం అని ఒక్క మాట అనండి, సాయంత్రానికి ఫోన్‌పే చేస్తాడు. చెయ్యకపోతే అతని నంబర్ నాకు విడిగా పంపండి, ఆ లైన్‌లో చాలామంది నాకు తెలుసు.

వరంగల్_వేణు
రమణ అన్న నీతిమంతుణ్ణి కాదంటడు గానీ.

డల్లాస్_అన్న
రేపు డాక్టర్‌తో ఫ్యామిలీ కాల్ పెట్టించగలవా? వీడియో ఆఫ్ చేసి వింటాను కావాలంటే.

తెనాలి_కుర్రాడు
పెట్టించాను. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి, రౌండ్స్‌కి ముందు. ఈఈజీ కూడా రేపే. పది నిమిషాలే ఇస్తానన్నాడు, అందుకని ఎన్ఎస్ఈ మళ్ళీ పంపడం, చేతుల సంగతి, ఈ రెండే నువ్వు అడుగు. టోసి మాట మాత్రం ఎత్తకు అన్నా.